నవంబరు చెరువుకు జూలై చేపపిల్ల

కైకలూరు, భీమవరం వైపు హేచరీల్లో, అంటే చేపల చేత గుడ్లు పెట్టించి పొదిగించే చోట్ల, చేపపిల్లలు ఎక్కువగా జూలై, ఆగస్టు నెలల్లో పుడతాయి. మా తిరుపతి జిల్లా పాకాల వైపు చెరువుల్లోకి నీళ్లు అక్టోబరు చివర్లోనో, నవంబరులోనో వస్తాయి. ఈ మధ్యలో మూడు నాలుగు నెలలు ఆ పిల్లను ఎవరు సాకాలి? మా ప్రాంతంలో చేపల పెంపకం అంతా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉంది. చేపలు, రొయ్యల పెంపకం మీద శిక్షణకు వెళ్లి వచ్చాక నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఇదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా ఊరి చెరువు ఏటా ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. నవంబరు వానలకు నిండుతుంది. మంచి ఏడాదైతే మరవ పోతుంది, అంటే నిండగా మిగిలిన నీళ్లు అలుగు మీదుగా బయటికి పోతాయి. అప్పుడు చెరువులో చేపలు పెంచే సంఘం వాళ్లు పిల్ల కోసం ఫోన్లు మొదలుపెడతారు. లారీలో ఆక్సిజన్ సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి పిల్ల దిగుతుంది. అది అంగుళం, మహా అయితే అంగుళమున్నర ఉంటుంది. చెరువులో అప్పటికే వాలుగలు, కొర్రమీనులు కాచుకుని ఉంటాయి. గట్టు మీద కొంగలు, నీటికాకులు. వాటన్నిటినీ తప్పించుకున్న పిల్లకు మిగిలేది అయిదు నెలలు. ఏప్రిల్‌కు తూము కింద వరికి నీళ్లు పోయి, మే నాటికి చెరువు బురద అవుతుంది. అంగుళం పిల్ల అయిదు నెలల్లో ఎంతని పెరుగుతుంది? పావుకిలో కూడా లేని చేపను సంతలో ఎంతకు అడుగుతారో అందరికీ తెలుసు. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించిన వానలకైతే మా చెరువులో వేసిన పిల్లలో చాలా భాగం మరవ మీదుగా కిందికి పోయింది.

మాకు మామిడి తోట ఉంది, దాని పక్కన 20 సెంట్లలో ఒక కుంట ఉంది. బోరు నీళ్లు నింపి తోటకు పెట్టుకునేవాళ్లం. సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంటుగా ఉన్న అమ్మాయి ఒకరోజు కుంట చూసి, "అక్కా, తిరుపతిలో ట్రైనింగ్ ఉంది, పేరిస్తారా?" అని అడిగింది. ఇంట్లో చెబితే మా అత్త, "ఆడోళ్లకు చేపల ట్రైనింగ్ ఏందిమే, వల లాగేది మొగోళ్లు గదా" అంది. మా మామ మాత్రం, "పోనీ లేవే. కుంట ఊరికే పడుండాది. నేర్చుకోని వస్తే మంచిదే గదా" అన్నాడు. ఆయన మాట ఇంట్లో చెల్లుతుంది కాబట్టి వెళ్లగలిగాను.

శిక్షణలో కూర్చున్నవాళ్లను చూస్తే కొత్త తిరుపతి జిల్లా అంతా ఒక్క గదిలో ఉన్నట్టు అనిపించింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక గూడూరు, సూళ్లూరుపేట వైపు కూడా మనలో కలిశాయి, వాటితోపాటు తీరమూ పులికాట్ సరస్సూ వచ్చాయి. అందుకే మా బ్యాచ్‌లో ఒకవైపు వాకాడు, కోట మండలాల నుంచి రొయ్యల చెరువులున్న కుర్రాళ్లు, ఇంకోవైపు నాలాంటి మామిడి తోటల వాళ్లు, మధ్యలో తడ నుంచి పీతల వ్యాపారం చేసే ఒక అక్క. ఒకరి భాష ఒకరికి మొదట్లో అందలేదు. వాళ్లు సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క) అంటారు, మేము మరవ అంటాం.

క్లాసులో చెప్పిన నీటి పరీక్షలు, పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు లాంటివి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఒక్కటి మాత్రం అందరికీ పనికొస్తుంది. ఏ పరికరమూ లేకపోతే మోచేయి దాకా చేతిని నీళ్లలో ముంచి చూడాలి. అరచెయ్యి లీలగా కనిపిస్తే నీళ్లలో చేప తినే పచ్చదనం సరిపడా ఉన్నట్టు. గోళ్లతో సహా స్పష్టంగా కనిపిస్తే పేడ వేయాలి. మణికట్టు కూడా కనపడకపోతే ఎరువు, మేత ఆపేయాలి. మా మామ ఇప్పుడు రోజూ పొద్దున్నే కుంటలో చెయ్యి పెట్టి చూస్తాడు.

నాకు జీవితాంతం గుర్తుండేది హేచరీలో గడిపిన రాత్రి. నెల్లూరు జిల్లాలో ఒక చేపల హేచరీకి తీసుకెళ్లారు. జూలై, మబ్బు పట్టి ఉంది. అలాంటి రోజైతేనే మంచిదన్నారు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఈ మూడూ నది చేపలు. చెరువులో ఎంత బాగా పెరిగినా, కడుపు నిండా గుడ్లున్నా, నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వరద నీళ్లు తగలాలి. అందుకే వెనకటి రోజుల్లో వరదల కాలంలో నదుల్లో వలలు కట్టి పిల్లను పట్టేవాళ్లు. అందులో మంచిదీ చెడ్డదీ కలిసే వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఈ చిక్కు విప్పారు. వేరే చేప తలలోంచి తీసిన పిట్యూటరీ గ్రంథి రసాన్ని తల్లి చేపకు సూది వేసి, చెరువు చేప చేతనే గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. మన ఊరి సంతలో అమ్మే ప్రతి బొచ్చె చేప వెనకా ఆయన పని ఉంది. ఆయన పేరు బడిలో మాకెవరూ చెప్పలేదు. మా పిల్లలకు నేను చెప్పాను.

సాయంత్రం తల్లి చేపల చెరువులో వల లాగారు. ఆడది ఏదో మగది ఏదో చేత్తో తడిమి చెప్పాలి. మొప్ప పక్కనుండే రెక్క లోపలి వైపు వేలితో రాస్తే మగచేపకు గరుకుగా తగులుతుంది, ఆడచేపకు నున్నగా ఉంటుంది. ఆడదాని పొట్ట మెత్తగా ఉబ్బి ఉంటుంది. మగదాని పొట్ట మీద మెల్లగా ఒత్తితే పాలు వస్తాయి. మొదట భయంగా ఉన్నా, రెండు మూడు పట్టుకున్నాక నా వేలికే తెలిసిపోయింది. తడి గుడ్డలో చేపను పడుకోబెట్టి సూది వేశారు. ఇప్పుడు గ్రంథి తీసే పని లేదు, ఓవాప్రిమ్ లాంటి మందు సీసాలో దొరుకుతుంది. శీలావతి ఆడదానికి కిలోకు 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు, మగదానికి అందులో సగమో, ఇంకా తక్కువో. తర్వాత రెండిటినీ గుండ్రటి సిమెంటు తొట్టిలోకి వదిలారు. తొట్టిలో నీళ్లు ఒకే వైపు తిరుగుతూ ఉంటాయి, పైనుంచి జల్లు పడుతూ ఉంటుంది. నదికి వరద వచ్చిందని చేప నమ్మాలి.

తెల్లవారుజామున నీళ్లు కలకలలాడాయి. మగచేపలు ఆడదాన్ని తరుముతూ పొట్ట కింద పొడుస్తున్నాయి. కాసేపటికి టార్చి వేసి చూస్తే నీళ్ల నిండా గుడ్లు, ఉడికిన సగ్గుబియ్యంలా నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. గాజులా ఉన్నవి ఫలించినవి, తెల్లగా మసకబారినవి చెడినవి. అక్కడి నుంచి గుడ్లు గొట్టం ద్వారా పక్కనున్న పొదిగే తొట్టిలోకి పోతాయి. అందులో అడుగున ఏటవాలుగా పెట్టిన గొట్టాల నుంచి నీళ్లు చిమ్ముతూ గుడ్లను తేలుస్తూ తిప్పుతూ ఉంటాయి. ఆ తిరుగుడు ఆగకూడదు. ఆగితే గుడ్లు అడుగున పేరుకుని ఊపిరాడక పోతాయి. మేము చూస్తుండగానే కరెంటు పోయింది. అక్కడ పనిచేసే పెద్దాయన ఎవరితో ఒక్క మాట మాట్లాడకుండా జనరేటర్ వైపు పరుగెత్తాడు. ఆ ఒక్క పరుగులో ఆ పని ఎంత బాధ్యతతో కూడిందో నాకు అర్థమైంది. 14 నుంచి 18 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. మూడు రోజులు పొట్టకున్న సొన తిని బతుకుతాయి, తర్వాత నోరు తెరుచుకుంటుంది. ఆ దశలో ఉన్న పిల్లను స్పాన్ అంటారు. వెంట్రుక ముక్కంత ఉంటుంది.

స్పాన్‌ను అంగుళం పిల్ల చేయడం రెండు మూడు వారాల పని. అంత చిన్న పిల్లకు మొదటి శత్రువు చేప కాదు, పురుగు. తూనీగ పిల్లలు, నీటితేళ్లు ఒక్క రాత్రిలో వేలకు వేలు తినేస్తాయి. వదిలే ముందు రోజు గాలి లేని వేళ నూనె, సబ్బు కలిపి నీటి మీద పొరలా పరచాలి. పైకొచ్చి గాలి పీల్చే పురుగులకు ఊపిరాడదు. హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల చౌక సబ్బు అని లెక్క చెప్పారు. ఇంత చేసినా సగం పిల్ల దక్కితే గొప్ప. అందుకే శిక్షణ ఇచ్చే సార్ నాతో, "మీరు మొదటి ఏడాది స్పాన్ జోలికి పోకండమ్మా. అంగుళం పిల్ల కొనండి. దాన్ని జానెడు చేయండి. మీ జిల్లాకు కావలసింది అదే" అన్నారు.

ఆ మాటతోనే నాకు దారి దొరికింది. కృష్ణా, గోదావరి జిల్లాల పెద్ద రైతులు ఇది ఎప్పటి నుంచో చేస్తున్నారు. చిన్న చెరువులో పిల్లను కిక్కిరిసేలా వేసి, మేత కొద్దిగానే పెట్టి, పెరగనివ్వకుండా నెలల తరబడి ఆపుతారు. జీరో సైజు అంటారు. ఆ పిల్లను విశాలమైన చెరువులో వదిలితే ఆగిపోయిన పెరుగుదలంతా ఒక్కసారిగా అందుకుంటుంది. ఏడాది పొడుగునా నీళ్లుండే వాళ్లకు అది లాభం కోసం చేసే పని. అయిదు నెలల చెరువున్న మనకు అది తప్పనిసరి.

రొయ్యల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే శిక్షణలో సగం అదే. తీరంలో ఒక రొయ్యల హేచరీ చూపించారు. లోపలికి వెళ్లేముందు కాళ్లు, చేతులు మందు నీళ్లలో కడుక్కోవాలి. వ్యాధి అంటే వాళ్లకు అంత భయం. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన నష్టం వాకాడు కుర్రాడి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారట. వాళ్ల నాన్న అప్పట్లో పొలం అమ్మాడని చెప్పాడు. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చింది. దాని తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వస్తాయి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్‌లో పరీక్షలు అయ్యాకే హేచరీకి చేరతాయి. తల్లి రొయ్య కంటి కాడల్లో ఒకదాన్ని తీసేస్తారు. గుడ్డు ఎదగకుండా ఆపే హార్మోను అక్కడే తయారవుతుందట. చూడటానికి నాకు కష్టంగా అనిపించింది, ఆ మాట మేడమ్‌తో అన్నాను కూడా. కన్ను తీయకుండా గుడ్లు పెట్టించే పద్ధతుల మీద పని జరుగుతోందని ఆమె చెప్పారు. అది తొందరగా రావాలని నా కోరిక. గుడ్డులోంచి వచ్చిన నాప్లియస్ ఏమీ తినదు, తర్వాత జోయియా దశలో కంటికి కనపడని నాచు తింటుంది, మైసిస్ దాటాక రొయ్యపిల్ల రూపం వస్తుంది. దశకో మేత, రాత్రింబవళ్లు మైక్రోస్కోపు.

మంచినీటి రొయ్య, స్కాంపి గురించి విని మా మామిడి తోటల వాళ్లందరం చెవులు రిక్కించాం. పెద్దయ్యాక అది మన చెరువుల్లోనే పెరుగుతుంది. కానీ దాని లార్వాకు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, లీటరుకు 12 గ్రాముల ఉప్పు దాకా. నెల రోజులు, 11 దశలు దాటాకే మంచినీటికి వస్తుంది. అంటే హేచరీ తీరం దగ్గరుండాలి, పెంపకం మన దగ్గర చేసుకోవచ్చు. ఇది కొందరు చేయదగ్గ పనే. ఉప్పునీటి రొయ్యను మాత్రం మన పొలాల మధ్యకు తేవద్దని నేను గట్టిగా చెబుతాను. బోరు నీళ్లలో ఉప్పు కలిపి పెంచుతామని వచ్చేవాళ్లు ఉంటారు. ఆ నీళ్లు ఒకసారి మన ఎర్ర నేలలోకి దిగితే పక్కవాడి వేరుశనగ, బావి రెండూ పోతాయి. తీరంలో ఇలాంటి గొడవలే పెద్దవై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లాయి. ఆ పాఠం వాళ్లు నేర్చుకునే ఉన్నారు, మనం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

తడ అక్క చెప్పింది ఒకటి రాయకుండా ఉండలేను. పులికాట్‌లో దొరికే మండ పీత కొత్తగా గుల్ల విడిచినప్పుడు లోపలంతా నీళ్లే ఉంటాయి, ధర పలకదు. దాన్ని మూడు నాలుగు వారాలు తొట్టిలోనో పంజరంలోనో పెట్టి చిన్న చేపలు మేపితే కండ పట్టి గట్టిపడుతుంది, అప్పుడు ధర ఎన్నో రెట్లు. పెంపకం అంటే గుడ్డు నుంచే మొదలుపెట్టాలని లేదు, అసలు లోటు ఏ దశలో ఉందో అక్కడ చెయ్యి వేస్తే చాలు. ఆమె పని, నా పని ఒకటేనని భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇక కుంట పని. తోతాపురి కోతలు జూలైకి అయిపోతాయి. ఆ తర్వాత వానలు పడుతుంటాయి కాబట్టి చెట్లకు బోరు నీళ్ల అవసరం తగ్గుతుంది. అంటే మా బోరుకు ఖాళీ దొరికే నెలలూ, పిల్ల పుట్టే నెలలూ ఒకటే. ఈ లెక్క మా ఆయన కాగితం మీద గీసి చూపిస్తే మా అత్త కూడా ఒప్పుకుంది. ఎర్ర నేల కాబట్టి నీళ్లు ఇంకిపోతాయి. చెరువు మట్టి తోలించి అడుగున పరిచి తొక్కించాం. సున్నం చల్లాం, పేడ వేశాం. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ, అందుకని గొట్టాన్ని ఎత్తున కట్టి రాళ్ల మీద పడేలా చేశాం.

హెక్టారుకు 2 లక్షల లెక్కన మా 20 సెంట్లకు 16 వేల అంగుళం పిల్లలు వేశాం. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, కొద్దిగా గడ్డిచేప. సంచులు దిగగానే మూతి విప్పేయకూడదు. కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి నీళ్ల వేడి, కుంట నీళ్ల వేడి ఒకటయ్యాక, కుంట నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, పిల్ల తనంతట తాను బయటికి ఈదేలా వంచాలి. మేతకు వేరుశనగ చెక్క, తవుడు సమానంగా. చెక్కకు మన జిల్లాలో కొదవ లేదు, గానుగ దగ్గర తాజాది దొరుకుతుంది. బూజు పట్టిన చెక్క చౌకగా ఇస్తామన్నా తీసుకోవద్దు, దాని విషం చేప కాలేయాన్ని తినేస్తుంది. పిల్ల వేలెడు అయ్యాక నానబెట్టిన మేతను చిల్లులు పొడిచిన సంచిలో కట్టి కర్రకు వేలాడదీశాం. అవి వచ్చి సంచిని పొడుచుకుని తింటుంటే మా పిల్లలు బడి నుంచి రాగానే గట్టు మీదే కూర్చునేవాళ్లు. కొంగల కోసం కుంట మీద అడ్డంగా దారాలు కట్టాం. లకుముకి పిట్టకు మాత్రం ఏ దారమూ అడ్డం కాలేదు.

నవంబరులో చెరువు నిండాక సంఘం పెద్దాయన వచ్చాడు. ఎప్పుడూ సంచి లెక్కన పిల్ల కొన్న మనిషి. వలలో పడ్డ పిల్లను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తోక బయటికి వేలాడుతోంది. "ఇది వాలుగ నోట్లో పట్టదులే పాపా" అన్నాడు. ధర దగ్గర బేరం గట్టిగానే సాగింది. లారీ కిరాయి లేదు, దారిలో చచ్చేది లేదు, అన్నిటికన్నా సైజు ఉంది, కాబట్టి పిల్లకు ఇంత అని నేను అడిగాను. చివరికి సగం డబ్బు ఇప్పుడు, సగం ఏప్రిల్ పట్టుబడిలో అని కుదిరింది. వదిలే ముందు మరవకు వల అడ్డం కట్టాలని నేను పట్టుబట్టాను. మా మామ, సంఘం కుర్రాళ్లు కలిసి వెదురు తడికెలు, వల కట్టారు. చెత్త పేరుకుని కట్ట మీద ఒత్తిడి పెరగకుండా వాన పడిన ప్రతి రాత్రీ ఎవరో ఒకరు వెళ్లి దులపాలి, ఆ వంతులు కూడా రాసుకున్నారు.

ఏప్రిల్‌లో ఎంత తూగుతాయో అప్పుడే తెలుస్తుంది. అరకిలో దాటాలని సార్ లెక్క. నెలకోసారి వల వేసి కొన్నిటిని తూచి రాసుకుంటున్నాం. ఇప్పటిదాకా పెరుగుదల బాగుంది.

ఒక్క చెరువుకు మా కుంట సరిపోదు. మన వైపు బోరు ఉండి, కోతల తర్వాత ఖాళీగా పడి ఉండే కుంటలు చాలా ఉన్నాయి. ఇది చదివే వాళ్లలో అలాంటి కుంట ఉన్నవాళ్లుంటే మీ సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంటును కలిసి శిక్షణ ఎప్పుడో అడగండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావాళ్లకు 40 శాతం దాకా సాయం అని పెట్టారు, ఇప్పుడు ఇస్తున్నారో లేదో, ఏ పనికి వర్తిస్తుందో ముందే కనుక్కోండి. మట్టి తోలడం, సున్నం చల్లడం జూన్‌లోపు అయిపోవాలి. పిల్లకు ఆర్డరు ఇచ్చేటప్పుడు మన మండలం వాళ్లమంతా కలిసి ఒకే బండి మాట్లాడుకుంటే కిరాయి పంచుకోవచ్చు. మా ఊళ్లో ఇప్పటికి ఇంకో ఇద్దరు సరేనన్నారు.